బట్టీ పట్టిన డమ్మీ

ఫోన్లో బావ "చరణం దగ్గరున్నాను" అన్నాడు. అక్కకి "మరణం దగ్గరున్నాను" అని వినిపించింది. పావుగంటలో, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి బావ చెప్పు వేసుకుని రికార్డింగ్ గదిలోకి వచ్చిపడింది. బావ నిక్షేపంగా బిస్కెట్ నములుతున్నాడు.

"పోతున్నానన్నారు కదండీ?"

"పాట చరణం దగ్గరున్నానన్నానే."

"ఫోన్లో మీ గొంతు ఎప్పుడూ పోతున్నట్టే ఉంటుంది."

బావ బాణీలు కడతాడు, నేను మాటలు రాస్తాను, ఇద్దరం కలిసి మాటలు పడతాం. ఈసారి కాలంతో పాటు మారిపోయిన ప్రేమ మీద పాట. నా పల్లవి పల్లకీ ఎక్కింది గానీ, చరణం కాలు కదపలేదు. నా మాటలు అందేదాకా బాణీ మరచిపోకుండా నోటికొచ్చిన డమ్మీ మాటలతో పాడి పంపడం బావ అలవాటు. కొత్త గాయని ఆ డమ్మీనే అసలనుకుని బట్టీ పట్టింది. అద్దం అవతల నుంచి అందుకుంది:

*నా అడుగు వినగానే తలుపు తీసేదానివి,*
*ఇప్పుడు తాళంచెవి నా జేబులో ఉంటోంది.*

పాట తీయిస్తున్న పెద్దాయన కళ్లు తుడుచుకుని నా భుజం తట్టాడు. "ఏం రాశావయ్యా! ఇదే ఉంచండి."

అక్క మాత్రం బావనే చూస్తోంది. "ఎన్నాళ్ల నుంచి ఉందండీ లోపల ఇది?"

"డమ్మీయేనే. ఏదో నోటికొచ్చింది."

"ఊరికే వస్తుందా? తలుపు తియ్యడం లేదని నాతో అనొచ్చుగా. ఊరందరికీ పాడి చెప్పాలా?"

ఇక ఇంటికెళ్లిపోతుందనుకున్నాం. అక్క నేరుగా అద్దం అవతలికి వినిపించే మైకు దగ్గరికి వెళ్లి మీట నొక్కింది.

"అమ్మాయ్, రెండో చరణం రాసుకో. తలుపు తీస్తే నా మొహం చూసేవాడివి, ఇప్పుడు ఫోను చూస్తూ లోపలికొస్తావు."

బావ వేళ్లమీద లెక్కేశాడు. "తాళం కుదిరింది," అన్నాడు నీరసంగా.

"ఇంటి తాళం సంగతి చూడండి."

పెద్దాయన మళ్లీ నా భుజం తట్టబోయాడు. బావ మధ్యలోకొచ్చి, అవతల గాయనికి కూడా వినపడేలా మీట నొక్కాడు.

"అందరూ వినండి. ఈ చరణాలు మా బావమరిదివి కావు. మొదటిది నేను పెట్టిన డమ్మీ, ఈ అమ్మాయి అసలనుకుంది. రెండోది మా ఆవిడ చెప్పిన జవాబు. మేం ఏడాదిగా ఇంట్లో అనుకోవలసిన రెండు ముక్కలు ఇవీ. ఇవాళ మీ ముందు అనుకున్నాం."