కార్డు మీది వయసు

అది 2008 వేసవి. నాచారంలోని ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీ క్యాంటీనులో ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఒంటికాలి మీద నిలబడుతున్నారు. ఎవరు ఎన్ని సెకన్లు నిలిచారో, ఎవరి పిడికిలి ఎన్ని కిలోల బలంతో బిగిసిందో అమృత రాసుకుంటోంది. ఏ వయసులో కండ సడలుతుందో, ఏ వయసులో నిలకడ తప్పుతుందో, ఎవరి ఎముక ముందు విరగవచ్చో తేల్చే పరిశోధన అది. యాభై దాటి, బలం తక్కువని తేలినవారికి ఎముకల స్కానింగు ఉచితం.

ప్యాకింగులో పనిచేసే వెంకటనర్సమ్మ కాలెత్తింది. మూడు సెకన్లకే తూలింది. పిడికిలి బలం పదకొండు కిలోలు.

"వయసెంతమ్మా?"

"కంపెనీ కార్డు మీదుంది గదా. నలభై ఒకటి."

"నిజం చెప్పండి."

"నిజమే. ఇయ్యాల మోకాళ్లు గిట్లున్నయ్ గని, నా బలం అరవైతొమ్మిదిల తెలంగాణ లొల్లి అయినప్పుడు జూడాలె నువ్వు. కర్ఫ్యూల పెద్దబిడ్డను సంకనేసుకొని ఉప్పల్ నుంచి మల్కాజిగిరి దాంక నడిచిన."

అమృత లెక్క కట్టింది. "అప్పటికి మీకు రెండేళ్లు. రెండేళ్లకే తల్లయ్యారా?"

వరుసలో వెనక నిలబడ్డ తారామణి పకపకా నవ్వింది. "మా అక్క పుట్టంగనే పెండ్లి జేసిన్రు మేడం!"

"నీ నోరు పాడుగాను, ఊకో!" వెంకటనర్సమ్మ అమృత దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "నీకు దండం బెడుత బిడ్డా. యాభై దాటినోళ్లను పనిల ఉంచుతలేరు. కొలువుల జేరిన్నాడే తగ్గించి రాయించిన."

"వయసు రాయకపోతే స్కానింగు రాదమ్మా. ఎముక విరిగితే?"

"మీ కాయితం ఆఫీసుకు పోతదా?"

పోదని చెప్పాలనిపించింది అమృతకు. కానీ నకలు ఇస్తామంటేనే ఫ్యాక్టరీవాళ్లు ఈ క్యాంటీను ఇచ్చారు. "పోతుంది."

"ఇగ నలభై ఒకటే రాయి."

అమృత బయటికి వచ్చి, పరిశోధన నడిపే సుధీంద్రకు ఫోన్ చేసింది.

"సార్, ఆవిడకు అరవై దగ్గరపడ్డాయి. స్కానింగుకు పంపించి తీరాలి."

"రుజువేదమ్మా?"

"ఆవిడ మాటే."

"మాట సరిపోదు. కార్డు ప్రకారం నలభై ఒకటి. ఆ వయసుకు మూడు సెకన్లేమిటి? నీ కొలతలోనే పొరపాటుంది. ఆ కాగితం పక్కన పడేయ్."

కండ చెప్పేది ఒకటి, కార్డు చెప్పేది ఒకటి. సారుకు కార్డే నమ్మకం. తిరిగి వచ్చి, చివరి దారిగా అడిగింది అమృత.

"నేనే సొంత ఖర్చుతో స్కానింగుకు తీసుకెళ్తాను. సోమవారం రాగలరా?"

"నాగా పెడితే ఎందుకని అడుగుతరు. ఐతారం వస్త."

"ఆదివారం స్కానింగు మూసి ఉంటుందమ్మా!"

"మరి నన్నేం జెయ్యమంటవ్? ఒకపారి కొంగలెక్క నిలబెడితివి, ఇగ తిట్టుడొక్కటే తక్వ!"

గంట మోగింది. వెంకటనర్సమ్మ గుమ్మం దగ్గరి అట్టపెట్టెలు రెండు ఒకదానిమీద ఒకటి రెండు చేతులా ఎత్తుకుని, గోదాములోకి మెట్లు దిగసాగింది. అప్పుడే కడిగిన మెట్లు. ఆమె చెప్పు జర్రున జారి ఆగింది.

"రేలింగు పట్టుకోండి!" అమృత అరిచింది.

కింది నుంచి అంతకన్నా గట్టిగా వచ్చింది జవాబు.

"దేంతోని పట్టుకోవాలె?"