అన్ని వైపులా ఆరు గీతలు

మేడమీద తీగకి ఆరేసిన తువ్వాళ్ళు ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంటోంది బొంగరం. అవి ఇంకా ఆరలేదు, వానా రావడం లేదు. అది అసలు బట్టలు ఆరేసే తీగే కాదు, యాంటెనా. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాలుగేళ్ళలో ఆ ముక్క అత్తగారికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "అంత పొడుగు తీగ ఊరికే గాల్లో వేలాడుతుంటే చూస్తూ ఎలా ఊరుకోమంటావే?" అంటుంది ఆవిడ. ఆవిడ ఆరేస్తుంది, ఈమె తీస్తుంది. ఇద్దరికీ అదో వ్యాయామం.

బొంగరం అసలు పేరు కాదు. ఊళ్ళో రేడియో పిచ్చి పట్టిన ఏడుగురు కలిసి పెట్టిన పేరు. చేతి సెట్టుని గుండెకి ఆనించుకుని నిలబడ్డ చోటే గిర్రున తిరగడం ఆమెకి అలవాటు. మనిషి ఒళ్ళు అడ్డం పడితే సిగ్నల్ సన్నగిల్లుతుంది. వీపు ఎటు ఉన్నప్పుడు మరీ సన్నగిల్లిందో, మాట్లాడేవాడు అటే ఉన్నట్టు. దాచిపెట్టిన సెట్టుని వెతికే పోటీల్లో ఆమెని కొట్టినవాళ్ళు లేరు. పగలంతా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది, సాయంత్రం ఇలా తిరుగుతుంది.

ఆ రోజు భర్త పోస్టాయన్ని వెంటబెట్టుకుని కొండెక్కాడు. బళ్ళో ప్రయోగశాల చూసుకునే ఉద్యోగం భర్తది. అక్కడి విరిగిన ఇత్తడి కడ్డీలు ఏరి కొత్త యాంటెనా చేశాడు. పైనుంచి అది ఎంత దూరం పలుకుతుందో చూడాలట. కొండమీద ఫోన్లు పనిచెయ్యవు. ఉన్నదంతా చేతిలో సెట్టే.

నాలుగున్నరకి నడుముకి వేలాడుతున్న సెట్టు పలికింది.

"బొంగరం, వింటున్నావా? పోస్టాయన జారాడు. కాలు మడతపడింది. నేను పట్టుకుని దింపుతున్నాను. మంచు కమ్మేసింది, పదడుగుల అవతల ఏమీ లేదు. నీళ్ళతొట్టి దాటాక దారి రెండుగా చీలింది. ఎడమది వెడల్పుగా ఉంది, అందులో పడుతున్నాం."

తువ్వాళ్ళు కిందపడ్డాయి.

పోయిన నెల, ఆ ఏడుగురిలో ఒకతైన నర్సమ్మతో కలిసి ఆ కొండెక్కింది తను. ఎడమ దారి ఇప్పుడు లేదు. రాళ్ళ గనివాళ్ళు కొండని తొలుచుకుంటూ దారి కిందికే వచ్చేశారు. దారి నేరుగా వెళ్ళి మూడంతస్తుల లోతు గొయ్యి అంచున తెగిపోతుంది. ఇంటికొచ్చాక ఆ సంగతి చెబుదామనుకుంది. ఆ రోజు ఆయన ఇత్తడి కడ్డీల గోలలో ఉన్నాడు. తర్వాత మరిచేపోయింది.

బటన్ నొక్కింది. "ఏవండీ, ఎడమ దారి వద్దు! కుడి దారి పట్టుకోండి! విన్నారా?"

వదిలింది. ఎప్పుడూ వినపడే ఇసక రాలినట్టుండే చప్పుడు లేదు. మూసిన గదిలాంటి నిశ్శబ్దం. ఎక్కడో గుడ్డల అడుగున గడియారం కొట్టుకుంటున్నట్టు టిక్కు, టిక్కు.

ఎవరో బటన్ మీద కూర్చున్నారు.

ఒక సెట్టు బటన్ అలా నొక్కుకుపోతే ఆ ఛానల్లో ఇంకెవరి మాటా సాగదు. బలమైనదే గెలుస్తుంది. తన మాటలో ఆయన చెవిన పడ్డది ఎంతో? ఏమీ పడకపోతే నడుస్తూనే ఉంటాడు. "ఎడమ దారి" అన్నంతవరకే పడితే ఇంకా ధైర్యంగా నడుస్తాడు.

తొట్టి దగ్గర్నుంచి గొయ్యి దాకా మామూలు నడకకి పావుగంట. మనిషిని మోస్తూ అయితే అరగంట.

ఇలాంటప్పటికని అందరూ అనుకున్న రెండో ఛానల్లో పిలిచింది. లేడు. మళ్ళీ పిలిచింది. నర్సమ్మ గొంతు ఒక్కటే పలికింది. "నాకూ అదే బొంగరం, ఏమీ వినపట్లేదు. నేను అంబులెన్సు వాళ్ళతో మాట్లాడతా. ఆ మహానుభావుడెవరో నువ్వే వెతుకు."

పిట్టగోడ మీంచి కిందికి వంగి అరిచింది. "అత్తయ్యా! మీ సెట్టు ఆపే ఉందా?"

కొంచెం ఆలస్యంగా జవాబొచ్చింది. "ఆపేశానమ్మాయ్! ఎప్పుడో ఆపేశా!"

మూలనున్న యాంటెనా అందుకుంది. కొలిచే టేపు ముక్కలు కోసి పైపుకి బిగించి తను చేసుకున్నది, చేపముల్లులా ఉంటుంది. దాన్ని సెట్టుకి తగిలించి నలువైపులా తిప్పింది. మీటర్లో ఉన్నవే ఆరు గీతలు. తూర్పుకి ఆరు. పడమటికి ఆరు. ఎటు తిప్పినా ఆరే. మళ్ళీ తిప్పింది. ఆరే.

ఇంత బలంగా ఊరంతా ముంచేసే సెట్టు ఎవరిది? ఒక్కడిదే. స్తంభమన్న సెట్టే అది.

మోటార్లు చుట్టే ఎలక్ట్రీషియన్ అతను. మనిషీ స్తంభమే, ఇంటిమీద పాతిన గొట్టమూ ఊళ్ళో అందరికంటే పొడుగే. రెండు నెలలుగా తన భర్తకీ ఇతనికీ మాటల్లేవు. అత్తగారికి సెట్టు కొనేటప్పుడు మొదలైంది ఆ గొడవ. ఏ సెట్టు కొనాలో చెప్పింది స్తంభమన్నే. మూడు నిమిషాలు దాటి బటన్ నొక్కితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందని ఏరి మరీ కొనిపించాడు. తీరా చూస్తే అత్తగారు నర్సమ్మకి మోకాళ్ళ నొప్పుల కథ మొదలుపెడితే మూడు నిమిషాలకి మొదటి మోకాలే అవ్వదు. మాట తెగిపోయిందని ఆవిడ అలిగింది. కొడుకు ఆ ఏర్పాటు తీసేశాడు.

"బ్రేకులు పీకి బండి అమ్మ చేతికిచ్చావు," అన్నాడు స్తంభమన్న అందరి ముందూ.

"మా అమ్మ సంగతి నాకు తెలుసు. నువ్వు నీ స్తంభం చూసుకో," అన్నాడు ఈయన.

అంతే. అప్పట్నుంచి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ కసి ఇలా తీర్చుకుంటాడా? అంత నీచుడు కాడని తెలుసు. ఏ మరమ్మతు చేస్తూనో సెట్టు మీద ఏదో పెట్టి ఉంటాడు. ఫోన్ చేసింది. ఎత్తలేదు.

బయటి మెట్ల మీంచి దిగి వీధిలోకి పరుగెత్తింది.

చేపముల్లు యాంటెనా ఎత్తి పట్టుకుని పరుగెత్తే ఆడమనిషిని చూసి ఇస్త్రీ బండి దగ్గర ఇద్దరు నవ్వారు. "టీవీ బొమ్మ రావట్లేదా అమ్మా?" పట్టించుకునే తీరిక లేదు. మలుపు తిరిగాక మీటరు చూసింది. అయిదు. మేడలు అడ్డం కదా అనుకుంది. బజారు దాటాక నాలుగు. అడ్డమే, అనుకుంది. ఊపిరి అందడం లేదు. డొక్కలో పొడుస్తోంది. గడియారం చూసుకుంది. పదిహేను నిమిషాలైపోయాయి. ఇప్పుడు ఆయన సగం దారిలో ఉంటాడు. పోస్టాయన చెయ్యి మెడ చుట్టూ వేసుకుని, ఆ మంచులో, నేలకేసి చూసుకుంటూ.

స్తంభమన్న ఇంటి తలుపు తీసే ఉంది. తోసుకుని లోపలికెళ్ళింది.

"అన్నా, ఆపండి! మీ సెట్టు ఆపండి!"

చెవులకి డిప్పలు పెట్టుకుని బల్లమీద వంగి ఏదో రాసుకుంటున్నాడు. తలెత్తి ఒక చెవి డిప్ప తీశాడు.

"నా సెట్టా? నేను బటన్ ముట్టుకుని గంటైంది. మీవాడి మాట పట్టడానికే చస్తున్నా. యాంటెనా కొండకి తిప్పితే ముక్కలుముక్కలుగా అందుతోంది. ఇదిగో." కాగితం ఇటు తోశాడు, అందని మాటల చోట గీతలు గీసి ఉన్నాయి. నొప్పి, ఆగి కూర్చున్నాం. మళ్ళీ బయల్దేరాం. పొడుగు గీత. ఎవరైనా ఉన్నారా? పొడుగు గీత. ఎవరైనా ఉన్నారా?

"మరి మీరు చెప్పరేం, ఎడమ దారి వద్దని?"

"ఎలా చెప్పను? అతనికీ ఆ దరిద్రపు సిగ్నలే నాకంటే గట్టిగా వినపడుతోంది. నీ మీటరు ఇక్కడెంత చూపిస్తోంది?"

చూసింది. "రెండు."

"మీ మేడమీద?"

"ఆరు."

"ఏ వైపు?"

"అన్ని వైపులా..."

యాంటెనా కిందికి దించింది.

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి రోజు తనే చెప్పే పాఠం అది. ఎటు తిప్పినా మీటరు నిండుగా ఉందంటే, ఇంక వెతక్కండి. మీరు దాని నెత్తిన నిలబడ్డారు. ఎన్నిసార్లు చెప్పిందో! పైగా పొద్దున తనే అత్తగారి చిన్న సెట్టుకి మేడమీది గొట్టం యాంటెనా వైరు తగిలించింది, కొండమీది కొడుకు మాట బాగా వినపడుతుందని.

స్తంభమన్న స్కూటరు తాళం తీసుకున్నాడు.

దారిలో అతను ఒక్కటే అడిగాడు. "ఇంకెంత టైముంది?"

"అయిదు నిమిషాలు. ఉందో లేదో."

ఇంటిముందు స్కూటరు ఆగక ముందే దూకింది. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది, వీపు గోడకి ఆనించి. రెండు చేతులూ తలగడ మీద. గోడమీద గడియారం టిక్కు, టిక్కు.

"సెట్టేదీ అత్తయ్యా?"

ఆవిడ తలగడని ఇంకా గట్టిగా అదిమి పట్టుకుంది. బొంగరం తలగడ లాగేసింది. అడుగున తువ్వాలు మూట. మూటలో సెట్టు. బటన్ మీద జడరిబ్బను మూడు చుట్లు చుట్టి గట్టిగా ముడేసి ఉంది. సెట్టు కాలిపోతోంది, వేడికి తువ్వాలు కమురు వాసన కొడుతోంది.

ముడి రాలేదు. పళ్ళతో లాగింది. ఊడింది.

ఇసక రాలిన చప్పుడు.

"ఏవండీ! ఆగండి! ఎక్కడివాళ్ళక్కడే ఆగండి! ముందు గొయ్యి ఉంది!"

ఇసక. ఇంకా ఇసక. స్తంభమన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు. అత్తగారు కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఏవండీ..."

"బొంగరం?" ఆయన గొంతు, రొప్పుతూ. "ఇంతసేపూ ఎక్కడ చచ్చారే అందరూ? ఇక్కడ ముళ్ళకంచె ఒకటి పడిపోయి ఉంది. దాటుదామని చూస్తున్నాం."

"దాటకండి! అదే గని. కంచె అవతల నేల లేదు. వెనక్కి తిరగండి. తొట్టి దాకా వెనక్కి రండి, కుడి దారి పట్టుకోండి."

తర్వాత రాయి విసిరినట్టుంది. బటన్ నొక్కే విసిరాడేమో, ఆ రాయి పడ్డ చప్పుడు ఎంతకీ వినపడలేదు. పోస్టాయన గొంతు, దూరంగా: "ఓరి నాయనో."

"తిరిగాం," అన్నాడు ఆయన. "తిరిగాం. కుడి దారి. అర్థమైంది."

బొంగరం మంచంకోడుకి ఆనుకుని నేలమీద కూర్చుంది. నర్సమ్మ ఛానల్లోకి వచ్చింది. కుడి దారి మొదట్లో మనుషులు దీపాలతో నిలబడి ఉంటారని చెప్పింది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

"అది సరే, అరగంట ఛానల్ మీద పీట వేసుకుని కూర్చున్న మహానుభావుడు దొరికాడా?"

"నేనూ అదే అడుగుతున్నా," అన్నాడు కొండమీంచి ఆయన. ఇంకా రొప్పుతున్నాడు. "ఎవడు వాడు? వాడి సెట్టు వాడి నెత్తినే పగలగొడతా. స్తంభం గాడేనా?"

స్తంభమన్న చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"ఎందుకిలా చేశారత్తయ్యా?" అని అడిగింది బొంగరం.

"నువ్వే కదే అన్నావు, మాట అయ్యేదాకా బటన్ వదలొద్దని." ఆవిడ తన వేళ్ళ వంక చూసుకుంది. కణుపులు వాచి వంకరపోయిన వేళ్ళు. "దారి తెలీట్లేదంటే గుండె ఆగినంత పనైంది. నాన్నా నేనున్నారా అన్నాను. వాడు పలకలేదు. వదిలితే తెగిపోతాడని పట్టుకున్నా. వేళ్ళు నిలవలేదు, కట్టేశా. నువ్వు పక్కన లేకుండా నేను మాట్లాడకూడదుగా, లైసెన్సు లేదని... అందుకని దాచా."

మాట అయ్యాక వదలాలి, వదిలితేనే అవతలి మాట వినపడుతుంది. ఆ రెండో సగం తను చెప్పిందా? గుర్తు లేదు. ఆ రోజు దుకాణానికి ఆలస్యమవుతోంది, చెప్పులు వేసుకుంటూ చెప్పింది.

"ఎవరూ చెప్పరేం?" సెట్టు మళ్ళీ అడిగింది.

బొంగరం బటన్ మీద వేలు పెట్టింది. చెప్పడం నేనే మరిచిపోయానండీ అనబోయింది. నోరు తెరిచేలోపు అత్తగారు చెయ్యి చాపి సెట్టు తీసుకుంది. రెండు బొటనవేళ్ళూ కలిపి బటన్ నొక్కింది.

"నేనేరా."

వదిలింది. వదిలి, సెట్టు చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది.

చాలాసేపు ఇసక రాలింది.

"సరేలేమ్మా," అంది సెట్టు.

ఆవిడ సెట్టుని తలగడ మీద పెట్టింది. మెల్లగా లేచి కొక్కేనికి వేలాడుతున్న కొడుకు ఉన్నికోటు తీసి చంకలో పెట్టుకుంది, గూట్లో టార్చిలైటు అందుకుని ఒకసారి వెలిగించి చూసుకుంది. గుమ్మంలో ఉన్న స్తంభమన్న పక్కకి తప్పుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెట్లు ఒక్కొక్కటే దిగి, కొండ ఉన్న వైపు వీధిలోకి వెళ్ళిపోయింది.