వెనక వరసలోది

హాలిఫాక్స్‌లో బస్సు నడిపి రిటైరైన రోడ్నీ, ఏడాదిగా ఆల్విన్ బీరు కొట్టు గడప తొక్కలేదు. చిన్న బ్రూవరీల సరుకు సూపర్‌మార్కెట్లోనే చవగ్గా దొరుకుతుంటే, అంత దూరం కొండెక్కి పోవడమెందుకనుకున్నాడు. వీధిలో ఆల్విన్ ఎదురుపడితే తనే ముఖం చాటేసేవాడు.

ఆ గురువారం మధ్యాహ్నం సూపర్‌మార్కెట్లో ఒక బీరు సీసా మీద చెయ్యి వేయగానే, చెవి పక్కనే ఆల్విన్ గొంతు వినిపించింది.

"అది వద్దయ్యా. లైట్ల కింద నిలబడి నిలబడి పాడైపోయింది. వెనక వరసలోది తీసుకో."

దొరికిపోయానని సిగ్గుపడుతూ రోడ్నీ తిరిగి చూశాడు. అరల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఎవరూ లేరు. మెడ మీద మాత్రం ఎవరో ఊపిరి వదిలినట్టు చల్లగా తగిలింది. సీసా అక్కడే వదిలేసి, ఆయాసపడుతూ కొండెక్కాడు.

కొట్టులో ఆల్విన్ చెల్లెలు హిల్డా ఉంది.

"మీ అన్నయ్య ఏడమ్మా? ఇప్పుడే సూపర్‌మార్కెట్లో నాతో మాట్లాడాడు."

"అన్నయ్య పోయి మూడు వారాలైంది, రోడ్నీ. అక్కడ మాట్లాడాడని చెప్పినవాళ్లలో నువ్వు ఐదోవాడివి."

రోడ్నీ అరలకేసి చూశాడు. "ఇక్కడ కూడా వినిపిస్తాడా?"

"లేదు. రోజూ తలుపేసుకుని పిలుస్తున్నాను. నాతో ఒక్క మాటా లేదు."

రోడ్నీ అరల ముందు చెవులు రిక్కించి చాలాసేపు నిలబడ్డాడు. చివరికి తనే వెనక వరసలోంచి ఒక సీసా ఎంచుకుని, డబ్బుతో పాటు హిల్డా చేతికిచ్చాడు.