బువాఖమ్ పిత్తనాళాలు

పొద్దున్న ఏడింటికల్లా బువాఖమ్ నర్సింగ్ కాలేజీ గేటు పక్కన బొగ్గుల పొయ్యి రాజేసి, కోడిముక్కలు కాలుస్తూ కూర్చునేది. జిగురన్నం తీసుకున్న ఆడపిల్లలు ఆమె ఎదురుగా చతికిలబడి నోటు పుస్తకాలు తెరిచేవాళ్ళు. రొమ్ముల కింద నుంచి బొడ్డు దాకా ఆమె చర్మం గాజు, లోపలిదంతా కనిపించేది. పెళ్ళయిన ఏడే అలా అయింది. కొందరికి పుట్టుమచ్చ లేస్తుంది, ఆమెకి ఇది.

"పెద్దమ్మా, ఒక్క ముద్ద మింగవా!"

"మీ చదువుకి నన్ను పందిలా మేపుతున్నారే," అంటూ మింగేది. ముద్ద పొట్టలో పడి చిలకబడటం, కాలేయం నుంచి పిత్తనాళాల్లో పైత్యరసం జారటం, అన్నీ చూసి గీసుకునేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా మా జిల్లా నర్సులందరూ అలా నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళకి పాఠం చెప్పే ప్రపా మేడమ్ కూడా.

ఆ ఏడు దక్షిణాది నుంచి నూరిహన్ అనే పిల్ల వచ్చి చేరింది.

"మేడమ్, పుస్తకంలో పిత్తనాళాలు సన్నటి దారాల్లా ఉన్నాయి. పెద్దమ్మవి తెల్లగా, తాళ్ళంత లావున్నాయేంటి?"

"అది పైదేశపు పుస్తకం. మన వైపు వాళ్ళకి ఇలాగే ఉంటాయి. నేనూ ఇలాగే గీసి ఫస్టొచ్చాను."

ఆ పిల్ల ఊరుకుందా? గాజుకి ముక్కు ఆనించి చూసింది. నాళంలో చింతాకంత పురుగు మెదిలింది. దాని పక్కన ఇంకోటి. నాళాల మొదట్లో గట్టిపడ్డ తెల్లటి గడ్డ.

ప్రపా మేడమ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇరవై ఏళ్ళు! రోగాన్ని చూసి ఆరోగ్యమనుకుని బొమ్మలు గీశారు. ఎవర్ని తిట్టమంటారు?

పెద్దాసుపత్రిలో చూసి, అవి పచ్చిచేపలోంచి వచ్చే పురుగులనీ, గడ్డ క్యాన్సరనీ, కోసే దశ దాటిపోయిందనీ అన్నారు.

బువాఖమ్ మొగుడు థోంగ్‌దీ ఊరి పక్కన పారే చీ నదిలో వల వేస్తాడు. పట్టిన చేపని పచ్చిదే తరిగి, నిమ్మకాయ పిండి, మిరపపొడి, ఎర్రచీమలు కలిపి తింటాడు. మా వైపు అందరం తినేదే. బువాఖమ్‌కి పెళ్ళికి ముందు ఆ అలవాటు లేదు. మొదటి ముద్ద అతనే నోట్లో పెట్టాడు.

"నిమ్మరసంలోనే ఉడికిపోతుందే పిచ్చిదానా! పైన సారా పడ్డాక ఏ పురుగు బతుకుతుంది?" అన్నాడు అప్పుడూ, ఇప్పుడూ.

"బతికింది, చూడు," అని ఆమె పైట తీసింది.

అతను తల తిప్పుకున్నాడు.

"నువ్వూ వెళ్ళి చూపించుకోవయ్యా."

"నేను వెళ్ళను. నీకు తినిపించిన చెయ్యి ఇది. పోతే ఇద్దరం పోదాం."

బువాఖమ్ కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళు ఎండిపోయింది. వానలు మొదలయ్యాక పోయింది. ఆమె మాట ప్రకారం దేహాన్ని కాలేజీకే ఇచ్చారు. అక్కడ అలాంటి దేహాన్ని మహాగురువంటారు, చేతులు జోడించి గానీ ముట్టుకోరు. బట్ట తీస్తే చర్మం అందరి చర్మంలాగే ఉంది. పిల్లలు ఏడుస్తూ కత్తి పట్టుకున్నారు.

థోంగ్‌దీ పచ్చిచేప మానలేదు సరికదా, రోజూ రెండు పూటలా తిన్నాడు. చావాలనే తిన్నాడు. ఏడో రోజు తొట్టి దగ్గర నీళ్ళు పోసుకుంటుంటే కుడి డొక్క కింద అరచెయ్యంత మేర గాజు తగిలింది. ఆమె బతికుండగా ఒక్క మాట వినని మనిషి, దానిమీద చెయ్యి పెట్టుకుని రెండు రోజులు తిండి లేకుండా కూర్చున్నాడు. మూడో రోజు కాలేజీకి వెళ్ళి నూరిహన్ ముందు చొక్కా ఎత్తాడు.

ఆ పిల్ల చాలాసేపు చూసింది.

"పురుగులున్నాయి పెదనాన్నా. గడ్డ మాత్రం లేదు. మాత్రలు మింగితే చచ్చిపోతాయి. ఇక పచ్చిది ముట్టకూడదు."

ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించి, మాత్రలు అతని చేతిలో పోసింది. నాలుగైదు కూడా లేవు. థోంగ్‌దీ వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"ఆమెకీ ఇవే సరిపోయేవా, తల్లీ?"

నూరిహన్ గ్లాసులో నీళ్ళు పోసి అతనికి అందించింది.

"మొదట్లోనే అయితే... సరిపోయేవి పెదనాన్నా."

అతను మాత్రలు నోట్లో వేసుకున్నాడు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, అక్కడే నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.