ఖాళీ గడి

లేదు, ఎంత చిన్న మాట, కంప్యూటరు తెర మీద రెండక్షరాల చోటు, నర్సు ఇంకా చెబుతూనే ఉంది, నేను చూశానండీ, రోగి మగతలో ఉన్నాడు, అలర్జీ ఎదురుగా లేదు అని ఉంది, అందుకే ఇంజెక్షన్ ఇచ్చాను, ఆమె గుప్పిట్లో రుమాలు ముద్దయిపోయింది, సూపరింటెండెంటు తలెత్తకుండానే, ఇంట్లోవాళ్ళని ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయిందమ్మా అంటున్నాడు, నిన్న పొద్దున సూది పడిన ఐదు నిమిషాలకే ఆ రోగికి, ఒక వ్యాను డ్రైవరుకి, గొంతు వాచి ఊపిరాడలేదు, పై అంతస్తులో గొట్టాల మధ్య ఉన్నాడు, గండం గడవలేదింకా, వరండా బెంచీ మీద అతని భార్య దారినపోయే ప్రతివాళ్ళతోనూ ఒకటే మాట, ఆ మందు ఆయనకి పడదండీ, అడిగితే చెప్పేదాన్ని కదా, బల్ల చివర ఆసుపత్రి తెరలకి ప్రోగ్రాం రాసినవాడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు, ఆ లేదు డ్రైవరు చెప్పింది కాదు, నర్సు రాసింది కాదు, అది తనది.

ఎంత ముచ్చటపడి రాశాడని, అడగందే అమ్మైనా పెట్టదు, అడిగితే మాత్రం ఆసుపత్రి రికార్డులన్నీ దాచిన సర్వరు ఆపకుండా కుమ్మరిస్తుంది, ఒక్క రోగి గురించి అడిగితే డెబ్బై గడుల వివరాలు, గడిలో మళ్ళీ గడి, అందులోంచి వార్డుకి కావలసిన ఐదే ఏరి, పేరు, వయసు, మంచం, మందు, అలర్జీ, చిన్న పొట్లం కట్టి తెరకి పంపాలి, ఆ పొట్లమే డేటా ఆబ్జెక్టు, అదంటే ఇంత సింపుల్‌గా ఉండాలి అని టీమ్ లీడరమ్మ భుజం తట్టింది, ఏదైనా గడి ఖాళీగా వస్తే తెర ఆగిపోతోందని ఒక్క లైను చేర్చాడు, ఖాళీ అయితే లేదు అని చూపించు, తెర ఆగలేదు, టెస్టులన్నీ పాసయ్యాయి, చేతులు దులుపుకుని కాఫీకి వెళ్ళాడు, ఖాళీ అంటే ఎవరూ అడగలేదని మాత్రమేనని అప్పుడు తట్టలేదు, తట్టలేదా, తట్టినా పక్కకి నెట్టాడా.

ఆ అలవాటు ఈనాటిదా, ఇలాంటి ఆసుపత్రిలోనే, నాన్నగారికి నొప్పేమైనా ఉందా అని డాక్టరు అడిగితే, గోడవైపు తిరిగి పడుకున్న నాన్న మొహమైనా చూడకుండా, లేదండీ అన్నాడు, నాన్న ఎప్పుడూ నొప్పని అనలేదు కదా, రాత్రుళ్ళు దుప్పటి అంచు పళ్ళతో కరిచిపట్టుకునేవాడని ఆయన పోయాక అక్క చెప్పింది, ఒక్కసారైనా అడిగావురా అంది, కోప్పడలేదు, ఏడవలేదు, ఆ మాట ఇవాళ్టికీ మింగుడుపడలేదు.

సూపరింటెండెంటు కాగితం నర్సు ముందుకి తోశాడు, పొరపాటు నాదే అని సంతకం పెట్టమ్మా, పక్క కుర్చీలోని టీమ్ లీడరమ్మ ఇతని చెవిలో, నువ్వు నోరు మెదపకు, మనల్ని ఎవరూ ఏమీ అడగలేదు, నిజమే, పొద్దుట్నుంచీ ఎవరూ అడగలేదు, అడిగితే చెబుదామనే కూర్చున్నాడు, నర్సు పెన్ను తీసింది, మూత రావడం లేదు, ఎవరూ అడగలేదు కనక తన తప్పు లేదు, ఖాళీ అయితే లేదు, అయ్యో, అదే లైను, మళ్ళీ అదే లైను రాస్తున్నాడు, ఈసారి మనుషుల మధ్య కూర్చుని, తెలిసి తెలిసీ, సిగ్గు మెడ దాకా పాకింది, కుర్చీ కిర్రుమని వెనక్కి జరిగింది, అందరూ ఇటు తిరిగారు, ఆగమ్మా, సంతకం పెట్టకు, ఆ లేదు నేను రాశాను.