నా బండికీ నైట్రోజన్

"బడికీ ఇంటికీ తిరిగే బండికి మామూలు గాలి చాలదా?" అన్నాడు నా మొగుడు ఖల్ఫాన్, తన పెద్ద బండి టైర్లకు నైట్రోజన్ నింపించుకుని వచ్చి.

నా బండికీ నింపించమని అడిగానంతే. ఆయన బండి మసీదుకీ, ఒంటెల దొడ్డికీ వెళ్తుంది. నా బడి మా ఊరు ఇబ్రీకి తొంభై కిలోమీటర్ల అవతల, ఎడారిలో. తెల్లారకముందే రొట్టెలు కాల్చి, అత్తగారికి మందులిచ్చి, పిల్లల్ని దింపి, మరో ఇద్దరు టీచర్లను ఎక్కించుకుని బయల్దేరతాను. తిరిగొచ్చే వేళకి తారు రోడ్డు పెనంలా కాలుతుంటుంది. ఈ ఇంట్లో దాన్ని తిరగడం అంటారు. "అయిందా టీచరమ్మ షికారు?" అని అత్తగారు నవ్వుతారు. పదకొండేళ్లుగా నేనూ నవ్వేసి వంటింట్లోకి వెళ్లిపోతున్నాను.

ఆ గురువారం మాత్రం బడి నుంచి నేరుగా టైర్ల షాపుకెళ్లాను. గల్లాలో కూర్చున్నాయన తలెత్తకుండానే "మీ ఇంటాయన్ని పంపించమ్మా" అన్నాడు. వెనక్కి తిరగబోయాను.

"నడిపేది ఆమె అయితే ఆయనెందుకు?" అంటూ లోపలి నుంచి ఒకమ్మాయి వచ్చింది. నీలం ఓవరాల్, బిగించి కట్టిన తలగుడ్డ. పేరు రాయా. నా టైర్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని గాలి కొలిచింది, అంచులు వేళ్లతో తడిమింది.

"నైట్రోజన్ మంత్రమేం కాదక్కా. మనం పీల్చే గాలిలోనూ ఎక్కువ భాగం అదే. ఇందులో తడి ఉండదు, మెల్లగా దిగుతుంది, అంతే. నెలకోసారి చూసుకోవాల్సిందే. మూడు టైర్లకి నింపుతా. ఈ నాలుగోది పగుళ్లిచ్చింది. దీన్లో నైట్రోజన్ కాదు కదా, అత్తరు నింపినా లాభం లేదు. ఈ ఎండకి పేలుతుంది."

పొద్దున మేం ముగ్గురం ఆ టైరు మీదే నూట ఇరవైలో వెళ్లాం.

పాత గాలి ఏమాత్రం మిగలకుండా ఆమె తీసి, నింపి, మళ్లీ తీసి, మళ్లీ నింపింది. ఆ చేతుల్లో తొందర లేదు, గొప్ప లేదు. తన పని తనకు తెలిసిన మనిషిని చూడటం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"సగం కాలేజీలో. మిగతా సగం, వీళ్లు తప్పు చేస్తుంటే చూసి."

అప్పుడే ఖల్ఫాన్ ఫోన్. నాలుగోదానికి కొత్త టైరు వేయిస్తున్నానని చెప్పాను. "కొత్త టైరా? నన్నడక్కుండానా? షాపులో మగాళ్లెవరూ లేరా?"

"ఉన్నారు. టీ తాగుతున్నారు."

రాయా ఫక్కున నవ్వింది.

శనివారం మా బడి టీచర్లవి తొమ్మిది బళ్లు ఆ షాపు ముందు వరసగా ఆగాయి. అన్నిటికన్నా ముందు నాది. గల్లాలో ఆయన కంగారుగా లేచొచ్చి, ఎవర్ని పిలవమంటారని అడిగాడు.

"రాయాని" అన్నాం, తొమ్మిదిమందిమీ.