కొమ్ముదీర్ఘం

"చాలు" అని భీమ్‌రావు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్లు మాత్రం ఫోనులోనే ఉన్నాయి. రేఖ గరిటె పట్టుకుని ఒక్క క్షణం అలాగే నిలబడింది. ఆ చెయ్యి ఒక్కోసారి పక్కకు తప్పుకుని "జర చారు పొయ్యి" అంటుంది. ఆలోపు వంటింట్లోకి వెళ్లిపోతే, పిలవాల్సి వచ్చిందని విసుక్కుంటుంది. పన్నెండేళ్లుగా ఆ చేతిని చదువుతూనే ఉంది ఆమె. మ్యాపులో గీతలు చూసి కొండ ఎత్తు చెప్పే భూగోళం టీచరమ్మకు, అడ్డం పెట్టిన చెయ్యి చూసి మొగుడి ఆకలి చెప్పడం ఏమంత కష్టం!

ఆ రోజు చెయ్యి తప్పుకోలేదు. ఎడమ చేత్తో సంచిలోంచి ఒక మరాఠీ ఫారం తీసి ఆమె ముందుకు తోశాడు.

"కాలేజీల సైకిళ్లు, బండ్లు, కొత్తగ వస్తున్న కరెంటు స్కూటర్లు ఏడ పెట్టాల్నో ప్లాన్ అడుగుతున్నరు. పైకెల్లి కమిటీ వస్తదట. కన్వీనర్ నేనే. నీకు మ్యాపులు గీసుడు వస్తది గద, జర చూడు."

జర చూడు అంటే మొత్తం నువ్వే చెయ్యి అని. కొడుకు జ్వరం జర చూడు, అమ్మ కాళ్లు జర చూడు, పిల్లల పేపర్లు జర చూడు, దిద్ది మార్కులు వేసెయ్. ఆ "జర"లో ఎన్ని గంటలు పడతాయో సిరొంచలో ఏ గడియారానికీ తెలియదు.

ఇద్దరూ ఒకే కాలేజీలో చెబుతారు. ఊరు మహారాష్ట్రది, కాగితాలు మరాఠీవి, మాటలు తెలుగువి. అతను చరిత్ర, పర్మినెంటు. ఆమె గంటల లెక్కన. పాఠం చెప్పిన గంటకే ఆమె టీచరు, మిగతా వేళ ఎవరూ కాదు. ఏటా ప్రిన్సిపాల్ ఒక లిస్టు టైపు చేయిస్తాడు. అందులో పేరుంటే ఆ ఏడు ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. భీమ్‌రావు తొమ్మిదిన్నరకు బండి మీద పోతాడు. "నీ పని అయ్యేదాంక ఆగితే నాకు లేటయితది" అంటాడు. అంట్లు తోమి, అత్తకు కాళ్లకు నూనె రాసి, రెండు కిలోమీటర్లు నడిచి ఆమె పోతుంది. మార్చి ఎండ సిరొంచలో పదింటికే నెత్తి మాడ్చేస్తుంది.

సైకిలు లేక కాదు. పుట్టిన ఊరు రేగుంటలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు ఆడపిల్లలకు సర్కారు ఇచ్చిన నీలం సైకిలు ఉంది. పెళ్లిసామాన్లతో పాటు ట్రాక్టరెక్కి అదీ అత్తగారింటికి వచ్చింది. ట్రాక్టరు మీంచి దాన్ని దించుతుంటేనే అత్త సారక్క అంది, "కోడలు సైకిల్ దొక్కుకుంట పోతే మా ముఖం ఏడ పెట్టుకోవాలె?" అప్పటి నుంచి అది ఇంటి వెనక గోడకు ఆనుకుని ఉంది. సారక్క తన చీరలు దాని మీదే ఆరేస్తుంది. ఆమెను తిట్టుకోవడానికి కూడా రేఖకు పూర్తిగా మనసొప్పదు. పరాయి చేలల్లో కలుపు తీసి తీసి కొడుకును చదివించిన మనిషి. చెప్పుల్లేని కాళ్లతో రోడ్డున పడి నడిచిన ఆమెకు, మర్యాద గల ఆడది అంటే రోడ్డు మీద కనిపించని ఆడది. ఆ మర్యాదే కోడలికి కట్టబెట్టింది, పట్టుచీర ఇచ్చినంత సంబరంగా.

ఆరు రోజులు రేఖ లెక్క పెట్టింది. పాఠానికీ పాఠానికీ మధ్య, నోట్సు వెనక పేజీలో. ముందు గేటు పక్కన రేకుల షెడ్డులో అరవై మూడు సైకిళ్లు, అన్నీ ఆడపిల్లలవే. మగపిల్లల మోటారు బండ్లు ఎక్కడ నీడుంటే అక్కడ. కరెంటు స్కూటర్లు మూడు, స్టాఫ్‌రూం కిటికీలోంచి లాగిన వైరుకు వేలాడుతూ. ఆమె రొట్టెల పీట తిరగేసి దాని మీద కాగితం పరిచి ప్లాను గీసింది. సైకిళ్లు ముందు షెడ్డులోనే ఉండాలి, తాళం వేసుకోవడానికి ఇనుప కడ్డీ, గాలి కొట్టుకునే పంపు, స్కూటర్లకు గోడకు గట్టి ప్లగ్గులు. మోటారు బండ్లు లైబ్రరీ వెనకకు. షెడ్డు ఎదురుగా వాచ్‌మన్ మారయ్య స్టూలు.

ఆ స్టూలును కాగితం మీద చిన్న చతురస్రంగా గీసి, ఆమె దాని గీతల మీదే మళ్లీ పెన్సిలు దిద్దింది. నిరుడు కాలేజీ వార్షికోత్సవానికి షెడ్డు నిండా కుర్చీలు పెట్టి, నాలుగు రోజులు ఆడపిల్లల సైకిళ్లను లైబ్రరీ వెనక మురుగు పారే మోరీ పక్కకు పంపారు. అక్కడ ఎవరి చూపూ పడదు. మూడో రోజు సాయంత్రం, రేఖ క్లాసులో చదివే స్వీటీ సైకిలు రెండు టైర్లలో గాలి లేదు, వాల్వులు ఊడబీకారు. రేగుంట దారిలో ఆరు కిలోమీటర్లు ఆ పిల్ల సైకిలు తోసుకుంటూ పోయింది. ముగ్గురు మగపిల్లలు బండి మీద ఆమె నడకంత నెమ్మదిగా వెనకే వచ్చారు. ముట్టుకోలేదు. ఊరు కనిపించేదాకా మాట్లాడుతూనే ఉన్నారు. ఏం మాట్లాడారో స్వీటీ ఖాళీ క్లాసులో రేఖకు చెప్పింది, నేల చూపులు చూస్తూ.

"మా బాపు ఈసారికి ఊకున్నడు మేడం. మళ్ల ఎనకకు పెట్టుమన్న రోజు ఇగ సదివింది చాలు, ఇంట్ల కూసో అన్నడు."

అందుకే రేఖకు అది ప్లాను కాదు. స్వీటీ డిగ్రీ.

భీమ్‌రావు దాన్ని చూసి "ఊ" అన్నాడు. పై అట్ట మీద తన పేరు రాసుకున్నాడు, కింద కన్వీనర్ అని. వారం తర్వాత ప్రిన్సిపాల్ బోర్డులు రాయించమన్నాడు, మరాఠీలో, తెలుగులో. మారయ్యకు రంగులు కలపడం, రాయడం వచ్చు. రేఖ ప్లానులో షెడ్డు పక్కన మరాఠీలో "చాలూ" అని ఉంది. చాలూ అంటే నడుస్తున్నది, వాడకంలో ఉన్నది. మారయ్య పెద్దబాలశిక్ష తెలుగు మనిషి. మరాఠీ దీర్ఘం ఆయన కుంచెకు అందలేదు. తెలుగు బోర్డు మీదా ఆ మాటే దించి, ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు రాసి గేటు పక్కన తగిలించాడు: సైకిల్ స్టాండు చాలు.

పొద్దున్నే స్వీటీ ఆ బోర్డు కింద సైకిలు పట్టుకుని నిలబడిపోయింది. "మేడం, చాలు అన్నరా మమ్ముల?"

స్టాఫ్‌రూంలో కడుపుబ్బ నవ్వారు. "మారయ్య మంచిగనే రాసిండు" అని భీమ్‌రావు కూడా నవ్వాడు. రేఖ నవ్వలేకపోయింది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు వినలేదు! పదో తరగతి తర్వాత తండ్రి అన్నాడు. పీహెచ్‌డీ ఫారం నింపిన రోజు భీమ్‌రావు అన్నాడు, "ఇంట్ల ఒక్క ప్రొఫెసర్ చాలు." కొడుకు పుట్టాక సారక్క "ఒక్కడు చాలు" అంది, ఒక్క ఆ మాట మాత్రం రేఖ మేలుకే. తిన్నది చాలా అని మాత్రం ఎవరూ అడగలేదు. బోర్డు దిద్దమని మారయ్యకు చెబితే, ప్రిన్సిపాల్ వద్దన్నాడట. ఎందుకు వద్దన్నాడో ఆదివారం తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె మిరపకాయల తొడిమలు తీస్తుంటే భీమ్‌రావు ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే ఏదో ఉంది. ఆమె పని చేస్తుంటే అతను కూర్చోవడం ఆ ఇంట్లో కొత్త కాదు గానీ, ఎదురుగా కూర్చోవడం కొత్త.

"ముందటి షెడ్డు స్టాఫ్ కార్లకు, వచ్చేటోళ్ల కార్లకు గావాలెనంటున్నడు ప్రిన్సిపాల్ సార్. సైకిళ్లు లైబ్రరీ ఎనకకు."

"మోరీ కాడికా? అక్కడ ఏమైందో మీకు చెప్పిన గద."

"ఎవలో పోరగాండ్లు గాలి తీస్తరు. దానికి మొత్తం కాలేజీ ప్లాన్ మారుస్తమా?" అని ఫారం ముందు పెట్టాడు. "వాడుతున్న షెడ్డును తియ్యొద్దని రూలున్నది. బంద్ అని రాస్తెనే కార్లకు ఇస్తరు. రేపు కమిటీ వచ్చి చూస్తది. పోరిలకు సైకిళ్లు ఎనక పెట్టుమని ఫోన్లు పోయినయి. నువ్వు ఈడ బంద్ అని రాసి సంతకం బెట్టు."

"నేనెందుకు? ప్లాను మీ పేరు మీదుంది."

"సర్వే చేసినోళ్లే సంతకం బెట్టాలె."

రేఖ చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది. ఆరు రోజులు ఎండలో నిలబడి లెక్కపెట్టినప్పుడు ఆ కాగితానికి ఆమె పేరు అక్కర్లేకపోయింది. అబద్ధం రాయాల్సి వచ్చేసరికి పేరు గుర్తొచ్చింది. ఒళ్లు మండిపోయింది ఆమెకు. మంట మిరపకాయలదో మనసుదో తెలియలేదు.

"రేపు సాయంత్రం వచ్చే ఏడు లిస్టు టైపయితదట," అన్నాడు అతను, లేస్తూ. "సార్ యాది చేసిండు నిన్ను."

అతను బెదిరించలేదు. బెదిరింపును తెచ్చి ఇచ్చాడు, అంతే. అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఆమె చేతులు కడుక్కుని ఇంటి వెనకకు వెళ్లింది. సైకిలు మీది చీరలు మడత పెట్టి లోపల పెట్టింది. కిరసనాయిలు గుడ్డతో చైను తుడిచింది, తుప్పు పొరలు పొరలుగా ఊడింది. అత్త కాళ్లకు రాసే నూనె తెచ్చి చైనుకు పోసింది. పక్కింటి పంపు అడిగి తెచ్చి గాలి కొడుతుంటే సారక్క గడప మీదికి వచ్చింది.

"ఏందే పిల్లా, నీకేమన్న దయ్యం బట్టిందా? సీరలు ఏడ ఆరేస్తరు?"

"తాడు కడుత అత్తమ్మా."

"కొడుకు ఎనిమిదేండ్లోడైండు. గిప్పుడు సైకిలేందే? మంది ఏమనుకుంటరు?"

రేఖ పంపు కొడుతూనే ఉంది. వెనక టైరు గాలి నిలబడదేమోనని భయంగా ఉంది ఆమెకు. మంది గురించి కాదు.

సోమవారం భీమ్‌రావు బండి వెళ్లిన అరగంటకు ఆమె రోడ్డెక్కింది. మొదటి వంద గజాలు సైకిలు తూలింది, కొంగు చక్రంలో పడబోయింది. కిరాణా కొట్టు ముందు ఇద్దరు మాటలాపి చూశారు. తర్వాత కాళ్లకు పాత రేగుంట రోడ్డు గుర్తొచ్చింది. సంతోషం వేసిందని చెప్పడానికి లేదు. సాయంత్రానికి తాను ఏ క్లాసుకూ టీచరు కాదని తెలిసి తొక్కుతోంది.

గేటు దగ్గర షెడ్డు ఖాళీగా ఉంది. నేల ఊడ్చి ముగ్గుపిండితో కార్లకు గీతలు గీశారు. అరవై మూడు సైకిళ్లూ మోరీ పక్కకు వెళ్లిపోయినట్టున్నాయి. కాదు, ఒకటి వెళ్లలేదు. గేటు బయట స్వీటీ సైకిలు పట్టుకుని నిలబడి ఉంది, లోపలికి రావాలో, మళ్లీ ఊరిబాట పట్టాలో తేల్చుకోలేక.

రేఖ కారు గీత మీదే తన సైకిలు స్టాండు వేసింది. తాళం వేసి, తాళంచెవి బ్లౌజులో దోపుకుంది.

"మారయ్య కాకా, కుంచె ఉన్నదా?"

మారయ్య అటూ ఇటూ చూశాడు. స్టూలు కింది నుంచి ఎర్ర రంగు డబ్బా తీసి, తాను చూడనట్టు గేటు వైపు తిరిగి నిలబడ్డాడు. రేఖ స్టూలెక్కింది. "లు" చివర తోక పట్టుకుని పైకి లాగి కొమ్ముదీర్ఘం ఇచ్చింది. సైకిల్ స్టాండు చాలూ. రంగు కారి ఆమె మణికట్టు మీద పడింది. దిగి చూసేసరికి తన సైకిలు పక్కన స్వీటీ సైకిలు ఉంది. మిగతా అరవై రెండు రాలేదు. ఆ రోజు రావని రేఖకూ తెలుసు.

పదకొండింటికి కమిటీ వచ్చింది, ముగ్గురు. ప్రిన్సిపాల్ ముఖం మాడిపోయింది. రెండు సైకిళ్ల వల్ల కారు బయటే ఆపాల్సి వచ్చింది మరి. ఆఫీసులో బల్ల మీద ఫారం పరిచారు. కమిటీలో పెద్దాయన మరాఠీలో అడిగాడు, ముందు షెడ్డు సంగతేమిటి, సర్వే ఎవరిది అని.

"నాదే" అని రేఖ ముందుకొచ్చింది. సద్యస్థితి, అంటే ఇప్పుడున్న పరిస్థితి, అన్న గడిలో మరాఠీలో "చాలూ" అని రాసింది. ఈసారి దీర్ఘం పెద్దగా వేసింది, ఎవరూ తప్పు చదవకుండా. అందరూ చూస్తుండగా పెన్ను సంతకం గడి దగ్గరికి వచ్చింది.

భీమ్‌రావు వంగి, ఫారం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. కంచం మీద పెట్టినట్టే, అలాగే, అరచెయ్యి కిందికి. పళ్ల మధ్య నుంచి, తెలుగులో, ఆమెకొక్కదానికే వినపడేలా, "చాలు రేఖా" అన్నాడు.

పన్నెండేళ్లు ఆ చెయ్యి తప్పుకుంటుందేమోనని గరిటె పట్టుకుని నిలబడింది ఆమె. మణికట్టు మీది ఎర్ర రంగు ఇంకా ఆరలేదు.

"చెయ్యి తియ్యుండ్రి," అంది, అందరికీ వినపడేలా. "నా పేరు రాయాలె."